బార్దానా తీసిన బరువు

కాంటాను కాలితో తొక్కాల్సి వస్తుందని మా ఇంట్లో ఎవరూ కలలో కూడా అనుకోలేదు. వరంగల్‌లో మాది బెల్లం వ్యాపారం. ముందు దుకాణం, వెనక ఇల్లు. దుకాణం నడుమ దూలానికి పెద్ద కాంటా వేలాడేది. పైన ఇనుప కడ్డీ, దాని మధ్యలో ముల్లు, రెండు పక్కలా గొలుసులకు కట్టిన చెక్క పలకలు. పొద్దున్నే బాపు, అంటే మా నాన్న, దానికి పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకున్న తర్వాతే బోణీ. ఎవరి కాలైనా పొరపాటున తగిలితే వెంటనే వంగి, తాకి, కళ్ళకు అద్దుకోవాలి. నా కాళ్ళు ఒకచోట ఊరుకునేవి కావు కాబట్టి ఇంట్లో అందరికంటే ఎక్కువసార్లు అద్దుకున్నది నేనే.

అలాంటి ఇంటికి అరవైల మొదట్లో, ఒక వానాకాలంలో, కాలితో ఎక్కే కాంటా వచ్చింది. వచ్చింది మా మేనత్త కోసం.

అత్త బాపుకు ఒక్కగానొక్క చెల్లెలు. డోర్నకల్‌లో రైల్వే పని చేసే మామకు ఇచ్చారు. కూతురు పుట్టి, ఆ పిల్ల అడుగులు వేసే వేళకు అత్తకు దగ్గు పట్టుకుంది. సాయంత్రమైతే జ్వరం. మామ ఆమెను వరంగల్ తీసుకొచ్చి దవాఖానలో చూపిస్తే టీబీ అన్నారు. ఆ మాటను మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, ‘ఆ రోగం’ అనేవాళ్ళు. పిల్లను డోర్నకల్‌లో వాళ్ళ నాయనమ్మ దగ్గరే ఉంచి, అత్తను మా ఇంట్లో వెనక గదిలో పెట్టారు. ఆమె కంచం వేరు, చెంబు వేరు. కంపౌండర్ ఇంటికే వచ్చి సూదులు ఇచ్చిపోయేవాడు.

మామ కొన్ని ఆదివారాలు ప్యాసింజర్ బండిలో పిల్లను తెచ్చేవాడు. వాకిట్లో ఈ చివర ఆయన పిల్లను ఎత్తుకుని నిలబడితే, ఆ చివర గది గుమ్మంలో అత్త కూర్చునేది. దగ్గరికి రానియ్యొద్దన్నది డాక్టర్ మాట. మొదట్లో ఆ పిల్ల చేతులు చాచి ఏడ్చేది. కొన్నాళ్ళకు ఏడుపు మానేసింది. ఒక ఆదివారం అత్త పేరుపెట్టి పిలిస్తే తండ్రి భుజంలో ముఖం దాచుకుంది. ఆ రోజు అత్త అన్నం ముట్టలేదు. ఏడిస్తేనే నయముండె, అంది మా అమ్మతో.

బాపు డాక్టర్ దగ్గరికి పోయి, ఇంకెన్నాళ్ళు ఇట్లా దూరముంచాలె అని అడిగాడు. డాక్టర్ మంచివాడు, కొంచెం తొందర మనిషి. వాళ్ళింట్లో ఒక బరువు చూసుకునే మిషన్ ఉండేది. చదరంగా, తెల్లరంగు రేకుతో, పైన నల్లటి రబ్బరు పరిచి, ముందువైపు చిన్న అద్దం వెనక అంకెలు, ముల్లు. బంధువులెవరో బొంబాయి నుంచి కొత్తది తెచ్చారట, ఈ పాతది ఊరికే పడి ఉంది. అత్తను అక్కడికే పిలిపించి దాని మీద నిలబెట్టాడు. ఎనభై ఆరు పౌన్లు, అంటే నలభై కిలోలకు లోపే.

“వంద పౌన్లు కావాలె. అయినంక తీసుకరాండ్రి, ఎక్స్‌రే తీద్దాం. ఛాతీ మంచిగుంటే డోర్నకల్ పోవచ్చు, బిడ్డను ఎత్తుకోవచ్చు. ఈ మిషన్ మీరే తీస్కపోండ్రి, వారానికోసారి చూసి నాకు చెప్పుండ్రి,” అన్నాడు.

అలా ఆ కాంటా మా ఇంటికి వచ్చింది. పెద్ద పెద్ద ఇళ్ళలో దాన్ని స్నానాల గదిలో పెట్టుకుంటారని డాక్టర్ చెప్పాడని బాపు అన్నాడో లేదో, మా నాయనమ్మ చెవులు మూసుకుంది.

“కాంటాను తానం చేసేకాడ పెడ్తరా? వాళ్ళకు సిగ్గన్న లేదా?”

ఆమె దానికి కూడా కుంకుమ బొట్టు పెట్టింది. సరిగ్గా అద్దం మీద పెట్టింది. ముల్లు కనబడక బాపు తుడవాల్సి వచ్చింది.

నాకప్పుడు పదో తరగతి. ప్రశ్నలు ఎక్కువ. మన దుకాణంలోనే ఇంత పెద్ద కాంటా ఉండగా ఆ రేకుడబ్బా ఎందుకు, అత్తను అందులోనే కూర్చోబెట్టి తూస్తే అయిపోదా అని అడిగాను. నాయనమ్మ కస్సుమంది. ఎందుకంటే అప్పటికే ఆమె మొక్కుకుంది. బిడ్డకు బాగైతే మేడారం అమ్మలకు నిలువెత్తు బంగారం ఇస్తానని. బంగారమంటే బెల్లమే. అమ్మల పేరుతో తూగిన బెల్లాన్ని మా వైపు బెల్లం అనరు, బంగారమంటారు. రెండేళ్ళకోసారి జాతర జరిగే ఏడు వచ్చిందంటే మా దుకాణం ముందు బండ్లు ఆగేవి. మొక్కున్న మనిషి ఒక పలకలో కూర్చుంటే, రెండో పలకలో బెల్లం ముద్దలు పేర్చేవాళ్ళం. ముసలివాళ్ళు, పసిపిల్లలు, కొత్త పెళ్ళికూతుళ్ళు, ఎంతమంది ఆ కాంటా ఎక్కారో.

“మొక్కున్న మనిషి కాంటా ఒక్కసారే ఎక్కాలె. బాగైనంకనే ఎక్కాలె. ముందే ఎక్కితే అమ్మలను నమ్మనట్టు కాదా?” అంది నాయనమ్మ.

ఆ నియమం ఎక్కడిదో నాకు తెలియదు. ఆమె పెట్టిందే అనుకుంటాను. మొత్తానికి, నిజం చెప్పే కాంటాను అత్త బాగుపడేదాకా ఎక్కకూడదు. బాగుపడిందో లేదో చెప్పాల్సింది ఈ రేకుడబ్బా. ఇంట్లో ఎవరికీ ఇందులో తిరకాసు కనబడలేదు. నాకు మాత్రం నవ్వొచ్చింది.

మొదటి తూకం గోనెసంచి మీద జరిగింది. సరుకును నేల మీద పెట్టడం మా ఇంటావంటా లేదు, కింద గోనె పరవాల్సిందే. అందుకే అమ్మ ఒక సంచిని మడతలు పెట్టి వేసి, దాని మీద మిషన్ పెట్టింది. అత్త వంగి దాన్ని తాకి, కళ్ళకు అద్దుకుని, ఎక్కింది. తొంభై ఒకటి! పది రోజులు తిరక్కుండానే ఐదు పౌన్లు. నాయనమ్మ కొబ్బరికాయ కొట్టింది. అత్త ఆ సాయంత్రం పిల్ల గౌనుకు కుట్లు వేస్తూ పాట కూడా పాడింది. ఈ గౌను కుట్టేలోగా నేనే పోతనేమో, అని నాతో నవ్వింది. డోర్నకల్ పోతానని ఆమె ఉద్దేశం.

మరుసటి వారం గోనె వానకు తడిసింది. మిషన్ను బండల మీదే పెట్టారు. ఎనభై నాలుగు.

అత్త దిగి, గదిలోకి పోయి, గోడవైపు తిరిగి పడుకుంది. కుడుతున్న గౌను మూటలోకి పోయింది. నాయనమ్మ దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పేసింది. ఆ ఘాటుకు అత్తకు దగ్గు తెర వచ్చింది, అది చూసి అందరూ ఇంకా భయపడ్డారు. నాకు భయం కంటే ఎక్కువ కోపం వచ్చింది. తిండి తింటున్న మనిషి వారంలో ఏడు పౌన్లు ఎట్లా తగ్గుతుంది? అంత మాంసం ఎటు పోయినట్టు? తప్పు అత్తది కాదు, డబ్బాదే అనిపించింది.

బడి లేని రోజు దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరిగాను. దుకాణంలో తూచిన ఒక బెల్లం ముద్దను దాని మీద పెట్టి చూడడం, జరపడం, మళ్ళీ చూడడం. బాపు చూసి, బెల్లంతో లాభం లేదన్నాడు.

“వానకాలం బెల్లం తడి గుంజుతది. పొద్దునొక తీరు తూగుతది, మాపొక తీరు తూగుతది. ఇనుప రాళ్ళు పెట్టి చూడు.”

అప్పుడే సేర్లు పోయి కిలోలు వచ్చిన రోజులు. సర్కారు ముద్ర వేసిన కొత్త ఇనుప రాళ్ళు మా దుకాణంలో మెరుస్తూ ఉండేవి. కొనేవాళ్ళకు మాత్రం వాటి మీద ఇంకా నమ్మకం కుదరలేదు, రోజూ పంచాయితీలే. ఆ రాళ్ళను నా ఓణీలో మూటగట్టి మోసుకొచ్చాను. మిషన్ కింద మెత్తటి గోనె ఉంటే ముల్లు ఎక్కువ చూపుతోంది, గట్టి బండ ఉంటే తక్కువ. బండల్లో కూడా అన్నీ ఒకటి కావు. మా ఇంటివి షాబాదు బండలు, మేస్త్రీ ఏ ధ్యాసలో పరిచాడో గాని ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. నాలుగు కాళ్ళలో ఒకటి గాలిలో ఉంటే ముల్లు తన ఇష్టమొచ్చినట్టు పలికేది. రాళ్ళను ఒక మూలకు పెడితే ఒక లెక్క, నడుమ పెడితే ఒక లెక్క. లోపల ఉన్నది స్ప్రింగు. మా దుకాణం కాంటాలో ఒక వైపు సరుకుంటే మరో వైపు రాయి ఉంటుంది, రెండూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకుంటాయి. దీనికి ఎదురు కూర్చునేవాళ్ళు లేరు. కాలు ఎట్లా పడితే అట్లా, నేల ఎట్లా ఉంటే అట్లా అదొక్కటే చెప్పుకుంటుంది. ఆ సంగతి తెలిసిననాడు నాకు పండగలా ఉంది.

వంటింటి గుమ్మం ముందరి బండ ఒక్కటి చదునుగా దొరికింది. అత్తను బతిమాలి లేపి దాని మీద నిలబెట్టాను. అప్పుడు కనిపెట్టాను అసలు సంగతి. అత్త మునివేళ్ళ మీద నిలబడి, చేత్తో గుమ్మాన్ని పట్టుకుని ఉంది. ఒంటి బరువు సగం ఆ గుమ్మమే మోస్తోంది.

“గట్ల పట్టుకుంటే ఎట్లత్తా? చెయ్యి ఇడువు. కాళ్ళు పూర్తిగ ఆనియ్యి.”

“నీకేం తెల్సే. కాంటా అంటే లక్ష్మి. మనిషి బరువంత దాని మీద ఎయ్యబుద్ధయితలేదు,” అంది అత్త.

నేను నవ్వడం మొదలుపెట్టాను. ఎంత ఆపుకున్నా ఆగలేదు. అత్త ముందు కోపంగా చూసి, తర్వాత తానూ నవ్వింది. చాలా రోజుల తర్వాత విన్న నవ్వు అది. ఆఖరికి ఉపాయం అత్తే చెప్పింది. దాన్ని మిషన్ అనాలి గాని కాంటా అనకూడదు. మిషన్‌కయితే లక్ష్మితో పని లేదు కదా! ఆ రోజు నుంచి మా ఇంట్లో అది మిషన్. అత్త రెండు చేతులూ వదిలేసి నిలబడితే ఎనభై తొమ్మిది వచ్చింది.

నాయనమ్మ కూడా ఒక చెయ్యి వేసింది. తూకం రోజున అత్తకు పెరుగన్నం, రెండు గ్లాసుల మజ్జిగ పట్టించి మరీ తీసుకొచ్చేది. అదంతా పొట్టలో ఉంటే ముల్లు ఎక్కువ చూపదా, అది బరువు పెరిగినట్టా అని నేను గొడవపెట్టుకున్నాను. తాగింది బిడ్డ కడుపులనే ఉన్నది గద, పక్కింటోళ్ళ కడుపుల లేదు గద, అంది నాయనమ్మ. బాపు నా పక్షం వహించాడు. అప్పటి నుంచి ఆ బండ మీదే, పొద్దున పరగడుపున, చేతులు కిందికి, చూపు ముందుకు. వంగి అంకెలు చూసుకోబోతే ముల్లు ఊగేది, అందుకని అత్త వంగకూడదు. బాపు అద్దాల జోడు పెట్టుకుని ఎదురుగా గొంతుకూర్చుని చదివేవాడు. దుకాణంలో తూకం యజమానే చదవాలి, ఇంకొకరు తొంగిచూడకూడదు. ఆ పద్ధతి ఇంట్లోకీ వచ్చింది. నేను అత్త వెనక నిలబడి, కాళ్ళు సరిగా ఉన్నాయో లేదో చూసేదాన్ని. నా నియమాలు నాకు తెగ ముద్దొచ్చాయి.

దసరా నాటికి తొంభై మూడు. దీపావళికి తొంభై ఐదు. తర్వాత తొంభై ఆరు దగ్గర ఆగిపోయింది.

కార్తీకం పోయింది, మార్గశిరం వచ్చింది, బాపు ప్రతి వారం అదే అంకె చదివేవాడు. అదే అంకె డాక్టర్‌కు చెప్పేవాడు. డాక్టర్ ఇంకా కొన్నాళ్ళు చూద్దామనేవాడు. అత్త మిషన్ దిగాక ఒకసారి బాపు ముఖం చూసి, గదిలోకి పోయేది. డోర్నకల్‌లో పిల్ల తన మేనత్తను అమ్మా అని పిలుస్తోందని మామ నోరుజారి చెప్పాడు. ఆ తర్వాత అత్తకు నిద్ర సరిగా పట్టేది కాదు.

నాకు మాత్రం లెక్క కుదరలేదు. అత్త చెంపలు నిండాయి. రవిక చంకల్లో బిగిసి అమ్మ కుట్లు విప్పింది. మోచేతి దాకా జారే గాజులు ఇప్పుడు మణికట్టు దగ్గరే ఆగుతున్నాయి. గాజులు ఒకటి చెబుతుంటే ముల్లు ఇంకొకటి ఎట్లా చెబుతుంది? చలికి స్ప్రింగు బిగుసుకుందేమోనని మళ్ళీ ఇనుప రాళ్ళు తెచ్చాను. రాళ్ళకు వానాకాలంలో ఎంత చూపిందో ఇప్పుడూ అంతే చూపింది. బండ అదే, మిషన్ అదే, వేళ అదే. మరి దొంగ ఎవరు?

పుష్యమాసంలో ఒక పొద్దున, మంచు ఇంకా విడవలేదు, అత్త శాలువ కప్పుకుని మిషన్ ఎక్కింది. నేను ఈసారి కాళ్ళ దగ్గర నిలబడలేదు. బాపు పక్కకు వచ్చి గొంతుకూర్చున్నాను. ముల్లు వందా రెండు మీద నిలకడగా ఉంది.

“తొంభై ఆరు,” అన్నాడు బాపు.

“బాపూ! వందా రెండున్నది!”

“ఏందే, గట్ల అరుస్తానవ్?”

“తొంభై ఆరెట్లయితది? చూడు, ముల్లు చూడు!”

బాపు నింపాదిగా జోడు తీశాడు. ఆయనకు తప్పు చేసినట్టే లేదు.

“ముల్లు నాకూ కనబడతాంది. అది చీర తోటి. శాలువ తోటి. గాజులు, మెట్టెలు. బార్దానా తియ్యొద్దా? గోనె బరువు తీయకుంట బెల్లం లెక్క ఎవడన్న చెప్తడా?”

బార్దానా అంటే సరుకు నింపిన సంచి. తూకంలో సంచి బరువు తీసేసి సరుకు బరువు చెప్పడం బాపుకు ఊపిరి తీసుకోవడం లాంటిది. చిన్నప్పటి నుంచి ఆయన ముల్లు ఎక్కడుందో చెప్పలేదు, సంచి పోగా ఎంతో చెప్పాడు. చెల్లెలి విషయంలోనూ అదే చేశాడు. వానాకాలం ఒట్టి చీర. చలికాలం చీర, శాలువ. చలి పెరిగిన కొద్దీ బార్దానా కూడా పెరిగింది.

అత్త మిషన్ మీద అట్లాగే నిలబడి ఉంది. చూపు ముందుకే ఉంది.

“అన్నా, డాక్టర్ సాబ్ నన్ను చీర తోటే తూసిండు గదనే.”

బాపు జోడును ధోతి కొంగుతో తుడవసాగాడు.

“అయినా చీరా శాలువా ఆరు పౌన్లుంటదా? తరుగు గూడ తీసినవా ఏంది?” అని అడిగాను. బెల్లం ఎండితే తగ్గుతుందని ముందే కొంత కోసి లెక్క కట్టడాన్ని తరుగు అంటారు.

“జరంత,” అన్నాడు బాపు, నేల చూస్తూ.

“మనిషికి తరుగేంది బాపూ?”

బాపు తల ఎత్తి, నాతో కాదు, అత్తతో అన్నాడు.

“ఆ గోనెసంచి మీద తొంభై ఒకటని జెప్పిన. నువ్వు పాట పాడినవ్. వారం తిరిగేసరికి ఎనభై నాలుగని నేనే జెప్పిన. నువ్వు గోడదిక్కు తిరిగి పండినవ్. ఇగ ఎక్కువ చెప్పబుద్ధి కాలే చెల్లె. చెప్పినంక తగ్గితే నీ మొకం చూడలేను. తక్కువ చెప్తే పెరుగుడే గద ఉంటది అనుకున్న.”

అత్త మిషన్ దిగింది. అన్న మీద అరుస్తుందనుకున్నాను. అన్ని వారాలు, అన్ని ఆదివారాలు. నేనయితే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. ఆమె బాపు ఎదురుగా ఆ బండ మీదే కూర్చుంది. పిచ్చన్నా, అంది. రెండుసార్లు అంది. ఇద్దరికీ కళ్ళనీళ్ళు కారుతున్నాయి. వంటింట్లోంచి వచ్చిన నాయనమ్మ, వాళ్ళను చూసి, అంకె ఎంతో వినకుండానే గుండెలు బాదుకుంది. వందా రెండని నేను నాలుగుసార్లు అరిచి చెబితే గాని ఆగలేదు.

ఆ వారంలోనే ఎక్స్‌రే తీశారు. ఛాతీ మానిందని, మందులు మాత్రం ఆపొద్దని, డోర్నకల్ పోవచ్చని డాక్టర్ చెప్పాడు. బార్దానా సంగతి విని ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడట. మిషన్ మీరే ఉంచుకోండ్రి అన్నాడట కూడా. బాపుకు ఆ నవ్వు నచ్చలేదు. అది ఆయనను ఎంత బాధపెట్టిందో నేను చాలా ఏళ్ళ దాకా అర్థం చేసుకోలేదు.

మొక్కు తీరేదాకా అత్తను డోర్నకల్ పంపనంది నాయనమ్మ. మాఘంలో జాతర వచ్చింది. మొక్కు తీరే రోజున దుకాణం కడిగి, కాంటాకు కొత్తగా పసుపు రాశారు. నాయనమ్మ మాట ప్రకారం అత్త మొట్టమొదటిసారి ఆ పలక మీద కూర్చుంది, కళ్ళు మూసుకుని, చేతులు జోడించుకుని. బాపు రెండో పలకలో బెల్లం ముద్దలు పేర్చసాగాడు. మొదటి ముద్దకు ఒకటి అనకుండా, లాభం అన్నాడు. మా దుకాణంలో లెక్క ఎప్పుడూ లాభంతోనే మొదలయ్యేది. మామ పిల్లను తీసుకుని పొద్దుటి బండికే వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇప్పుడు దగ్గరికి రానిచ్చినా ఆ పిల్ల రావడం లేదు. తండ్రి ధోతి పట్టుకుని, అత్తను, గొలుసులను, బెల్లాన్ని మార్చి మార్చి చూస్తోంది.

బెల్లం వైపు బరువెక్కి అత్త పలక నెమ్మదిగా నేల మీది నుంచి లేచింది. ఉయ్యాల అనుకుందో ఏమో, పిల్ల ధోతి వదిలేసింది. గబగబా నడిచివచ్చి పలకను పట్టుకుని, మోకాలు పెట్టి ఎక్కి, అత్త ఒళ్ళో కూర్చుంది. పలక దబ్బున కిందికి దిగింది. అత్త కళ్ళు తెరిచింది. చేతులు జోడించినవి జోడించినట్టే ఉన్నాయి, పిల్లను ముట్టుకోవడానికి ఇంకా భయం.

“దింపుండ్రి దాన్ని! మొక్కు తల్లిది, పిల్లది కాదు. లెక్క తప్పుతది,” అంది నాయనమ్మ.

మామ ముందుకు వచ్చాడు. బాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఉండనియ్యి బావా. ఎత్తుకో చెల్లె, గట్టిగ పట్టుకో.”

“మరి బార్దానా బాపూ?” అన్నాను నేను. నోరు ఊరుకోదు కదా.

బాపు నా వైపు చూడలేదు. వంగి ఇంకో బెల్లం ముద్ద ఎత్తాడు.

“ఇయ్యాల బార్దానా లేదు,” అని దాన్ని పలకలో పెట్టాడు.